సీజర్ జబ్బు ముందే తెలిసేదా? ఇప్పుడు ఇంకో ముసలి కుక్క గురించి భయంగా ఉంది

తణుకు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్ద పోస్టే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది తణుకు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో అమ్మా నాన్నా, రెండు కుక్కలు. సీజర్ లాబ్రడార్, పదేళ్లు దాటాయి. రెండోది కర్రి, ఆడది, వీధి కుక్క. పిల్లగా ఉన్నప్పుడు వర్షంలో మా వీధి కల్వర్టు కింద దొరికితే నాన్న తువ్వాల్లో చుట్టి తెచ్చారు. దానికిప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. సర్వీసంతా డ్యూటీ టైములకి అలవాటు పడ్డ మనిషి కదా, ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. లేవగానే సీజర్ని తీసుకుని కాలవ గట్టు మీద వాకింగ్. కర్రికి బుద్ధి పుడితే వెనకాల వెళ్తుంది, లేకపోతే గేటు దగ్గరే పడుకుంటుంది.

సీజర్ పోయిన నెలలో చనిపోయాడు.

దానికి ముందు ఒకరోజు వాకింగ్‌లో ఉన్నట్టుండి గట్టు మీద కూర్చుండిపోయాడు. లేవమంటే లేవడు. నాన్న కూడా పక్కనే కూర్చున్నారు. కాసేపటికి లేచి మెల్లిగా ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు, మర్నాటికి మామూలే. పాలవాడి బండి చప్పుడుకి అరిచాడు కూడా. డాక్టరుకి చూపిస్తే జ్వరం లేదు, ఎండలకి నీరసం అని ఇంజెక్షనూ లివర్ టానిక్కూ ఇచ్చారు. కొన్నాళ్లకి మళ్లీ ఒకసారి అలాగే కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. "వయసు మీద పడుతోంది, మనకి మాత్రం పడట్లేదా" అంది అమ్మ. మాకూ అదే నిజమనిపించింది.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్న ఇక లేవలేదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, పొట్ట ఉబ్బి ఉంది. నాన్న కారు మాట్లాడి విజయవాడ తీసుకెళ్లారు. స్కాన్ తీసిన డాక్టరు పొట్టంతా రక్తం ఉందనీ, స్ప్లీన్‌లో గడ్డ పగిలిందనీ, లివర్‌లో కూడా గడ్డలు కనిపిస్తున్నాయనీ చెప్పారు. ఆపరేషన్ చేయించాలా వద్దా అని నాన్న నాకు ఫోన్ చేసి అడుగుతుండగానే పోయాడు. ఫోన్లో నాన్న ఊపిరి వినబడింది గానీ మాట వినబడలేదు. ఆ సాయంత్రం మా పెద్దమ్మ వాళ్ల కొబ్బరితోటలో పూడ్చారు.

అడగాలనుకున్నవి రెండు. ఒకటి, నిజంగా ముందే తెలుసుకునే దారి ఉందా? నాన్న పైకేమీ అనరు గానీ, అమ్మతో మాత్రం "మొదటిసారి కూర్చున్నప్పుడే బెజవాడ తీసుకెళ్లుంటే బతికేవాడు" అన్నారట. అప్పట్నుంచి వాకింగ్ మానేశారు. నాలుగింటికి లేచి, లైటు కూడా వెయ్యకుండా వరండాలో కూర్చుంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలో నాకు తోచట్లేదు.

రెండోది కర్రి. సీజర్ పోయిన దగ్గర్నుంచీ అదీ డల్లుగా ఉంది. అన్నం సగం వదిలేస్తోంది, నీళ్లు మాత్రం తెగ తాగుతోంది. ఎప్పుడూ లేనిది రాత్రిళ్లు వరండాలోనే ఉచ్చ పోసేస్తోంది. బెంగ పెట్టుకుందని అమ్మ అంటోంది. కుక్కలకీ బెంగ ఉంటుందా? ఎన్నాళ్లుంటుంది?


భీమవరం_బుల్లోడు:

పోయినదాని గురించి ఎంత ఆలోచించినా లాభం లేదండి. మంచి లాబ్ పిల్లని తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టండి, వారంలో మామూలు మనిషైపోతారు. మా బాబాయికి అలాగే చేశాం. తెలిసిన బ్రీడర్ ఉన్నాడు, కావాలంటే మెసేజ్ పెట్టండి.


గేదెల_డాక్టరు:

అమ్మా, ముందు నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను. అది ఆగేది కాదు.

కర్రికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? నువ్వు రాయలేదు. చేయించకపోతే, ఈమధ్య ఎప్పుడు ఎదకొచ్చిందో అమ్మగారిని అడుగు. నెలా రెండు నెలల కిందట వచ్చి ఉంటే, రేపు పొద్దున్నే స్కాన్ ఉన్న చోటికి తీసుకెళ్లే ఏర్పాటు చెయ్యండి. వయసొచ్చిన ఆడకుక్క ఎద అయిన కొన్ని వారాలకి తిండి తగ్గించి నీళ్లు ఎక్కువ తాగుతుంటే మొదట అనుమానించాల్సింది గర్భసంచిలో చీము. పయోమెట్రా అంటాం. గర్భసంచి మూతి తెరిచి ఉంటే చీము బయటికి కారుతుంది, వాసనొస్తుంది, ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. మూతి మూసుకుని ఉంటే బయటికి చుక్క కూడా కనబడదు, ప్రమాదం దానితోనే ఎక్కువ. ఆ చీములో బ్యాక్టీరియా వదిలే విషం వల్ల కిడ్నీలు నీటిని ఒంట్లో పట్టి ఉంచలేవు. అందుకే అంత ఉచ్చ, అంత దాహం. జ్వరం ఉండి తీరాలని లేదు.

అది కాకపోతే కిడ్నీ జబ్బు, షుగరు, ఇంకేదైనా హార్మోను తేడా కావచ్చు. కుక్కలకి బెంగ ఉంటుంది, కాదనను. తోటి కుక్క పోతే తిండి తగ్గించినవాటినీ, గేటు దగ్గర పడిగాపులు కాసినవాటినీ చూశాను. కానీ బెంగ పెట్టుకున్న కుక్క బిందెడు నీళ్లు తాగదు. తీసుకెళ్లేలోపు ఒక పని చెయ్యమను. లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోసి, ఎంత తాగుతోందో లెక్క రాయమను. బకెట్లలో, మొక్కల కుండీల్లో మూతి పెట్టకుండా చూడాలి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటిందంటే లోపల ఏదో జబ్బుందని లెక్క. 15 కిలోల కుక్కకి అది లీటరున్నర. కొలవమన్నాను గానీ నీళ్లు తగ్గించమనలేదు, అలా చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇక సీజర్ సంగతి. నేను రిటైరైన పశువైద్యుణ్ణి. సర్వీసులో చూసింది గేదెలే ఎక్కువ. అయినా నువ్వు రాసిన వరస నాకు బాగా తెలిసిందే. కూలబడటం, మర్నాటికి మామూలవడం, మళ్లీ కూలబడటం. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఈ వయసుకి ప్లీహంలో, అదే స్ప్లీన్‌లో, రక్తనాళాల క్యాన్సర్ వస్తుంటుంది. హెమాంజియోసార్కోమా అని పేరు. ఆ గడ్డ కాస్త చిట్లితే రక్తం పొట్టలోకి కారి కుక్క నీరసించి కూలబడుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకడితే కారడం ఆగుతుంది. కారిన రక్తాన్ని చాలావరకు శరీరమే మళ్లీ పీల్చుకుంటుంది. కుక్క లేచి పాలవాడి మీద అరుస్తుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఆ పూట చూసిన డాక్టరు చేతికీ ఏమీ దొరకదు. చిన్న గడ్డ పైనుంచి తడిమితే తెలియదు. రక్తపరీక్షలో కాస్త రక్తం తగ్గినట్టు కనిపించినా కారణం ఇదని అది చెప్పదు. పొట్ట స్కానే దిక్కు. అది కూడా ఎవరైనా అనుమానపడి తీస్తేనే.

నాన్నగారికి నా మాటగా చెప్పు. స్ప్లీన్ గడ్డలన్నీ క్యాన్సర్ కావు. మామూలు గడ్డయితే స్ప్లీన్ తీసేశాక కుక్క హాయిగా బతుకుతుంది. బయాప్సీ చెయ్యకుండా సీజర్‌ది ఫలానా అని కాగితం మీద రాసివ్వలేం. కానీ లివర్‌లో కూడా గడ్డలున్నాయన్నారు, ఈ క్యాన్సర్ పాకే దారి అదే. ఈ జబ్బులో ఆపరేషన్ ఒక్కటే చేస్తే మామూలుగా దక్కేది 1 నుంచి 3 నెలలు. కీమో కూడా ఇస్తే 4 నుంచి 6. ఏడాది దాటేవి పదింట ఒకటి. అవన్నీ కలిపి చెప్పే అంకెలు, లివర్‌కి పాకినవాటికి ఇంకా తక్కువ. ఆ కాస్త రోజుల్లోనే కుట్లు, సెలైన్లు, బెజవాడ ప్రయాణాలు. ఆయన 'బతికేవాడు' అంటున్నారు. బతికేవాడు కాదమ్మా. డ్రైవరు మనిషి కదా, ప్రమాదం జరిగితే బ్రేకు ఎక్కడ వెయ్యాల్సిందో వెతుక్కుంటారు. ఈ రోడ్డు మీద బ్రేకు వేసే చోటు లేదు.

అలాగని అన్ని జబ్బులూ ఇంతే అనుకోవద్దు. కనిపెట్టగలిగినవే ఎక్కువ. ముసలి కుక్క నొప్పిగా ఉందని మూలగదు, చేసే పనులు తగ్గించుకుంటుంది. మనం దాన్ని పెద్దరికం అనుకుంటాం. సోఫా ఎక్కడం మానేస్తుంది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. గట్టి ముక్క నోట్లో పెట్టుకుని కింద పడేస్తుంది, పెదవి ఎత్తి చూస్తే వెనక పన్ను కుళ్లి ఉంటుంది. కీలు నొప్పున్న చోట నాకి నాకి బొచ్చు ఎర్రబారుతుంది. ఇలాంటప్పుడు ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు అన్నంలో కలిపి పెట్టేవాళ్లున్నారు. పొట్టలో పుండ్లు పడి, కిడ్నీలు దెబ్బతిని, రక్తం కక్కుతూ వస్తాయి ఆ కుక్కలు. వద్దే వద్దు.

నెలకోసారి తూచండి. ఎత్తుకోలేనంత పెద్ద కుక్కయితే ధాన్యం కాటా మీద నిలబెట్టండి, మీ తణుకులో కాటాలకి కరువా. బొచ్చున్న కుక్క రెండు కిలోలు తగ్గినా కంటికి ఆనదు. చిగుళ్లు కూడా ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసి గుర్తుపెట్టుకోండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలోపు గులాబీ రంగు రావాలి. కర్రి చిగుళ్లు నల్లగా ఉంటే కింది కంటిరెప్ప లాగి లోపల చూడండి. పాలిపోయి కనబడితే మన జిల్లాల్లో గోమార్ల జ్వరాన్ని మర్చిపోకూడదు. ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా చప్పుడు చెయ్యకుండా ఒంట్లో ఉండి, ప్లేట్‌లెట్లు పడగొట్టి, ఒకనాడు ముక్కులోంచి రక్తంగా బయటపడుతుంది. ముందుగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ నాలుగు వారాల కోర్సుతో చాలావాటికి తగ్గుతుంది.

క్రియాటినిన్ నార్మల్ అన్న రిపోర్టు చూసి కిడ్నీలు భేష్ అనుకోవద్దు. కిడ్నీల పని ముప్పాతిక వంతు పోయాక గానీ అది పెరగదు. మూత్రం చిక్కదనం అంతకంటే ముందే పడిపోతుంది. పొద్దున్నే పట్టిన మూత్రాన్ని పరీక్ష చేయించడం చవక, కానీ దాన్ని అడిగే ఇంటివాళ్లు నాకు తగల్లేదు. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకి ఆరు నెలలకోసారి రక్తం, మూత్రం చూపించి, వీలైతే పొట్ట స్కాన్ తీయించండి. టానిక్కులకి పెట్టే డబ్బు అటు మళ్లిస్తే చాలు.

కొత్తపిల్లని తెమ్మన్న బాబుకి: ఇంట్లో జబ్బు కుక్కుండగా రెండు నెలల పిల్లని తేవడం రెంటికీ శిక్షే. ఇంకో సంగతి. గేదె చచ్చిపోతే ఇన్సూరెన్సుకి చెవి ట్యాగు తెచ్చివ్వాలి. రైతు దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, నేను సంతకం చేస్తుంటే మొహం పక్కకి తిప్పుకునేవాడు. వాళ్లలో ఎవరికీ డబ్బులొస్తాయి కదా, ఇంకోటి కొనుక్కో అని నేను చెప్పలేకపోయాను.


పామ్_వాళ్ల_అమ్మ:

డాక్టరు గారి మాటలకి ఒకటి కలుపుతాను, ఊపిరి. మా స్నోయీ పామరేనియన్. రాత్రిపూట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేది. గుండెకి ఎకో తీస్తే వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదని తేలింది. చిన్న జాతుల్లో పెద్ద వయసుకి ఇది మామూలేనట. అప్పుడు డాక్టరు ఒకటి నేర్పారు. నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తుందో ఫోన్లో టైమర్ పెట్టి లెక్కపెట్టాలి. నిమిషానికి 30 లోపు ఉండాలి. అది దాటి అలాగే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని తెల్లారేదాకా ఆగకుండా పరిగెత్తాలి. మా ఆయన క్యాలెండర్లో తిథి పక్కన ఆ అంకె రాసేవారు. 22, 24, 22. ఒక ఏకాదశి రాత్రి 38. ఆ రాత్రే వెళ్లి ఆక్సిజన్ పెట్టించాం. పిమోబెండాన్, ల్యాసిక్స్‌తో ఆ తర్వాత ఏడాది పైనే మాతో ఉంది, గుమ్మం దగ్గర డెలివరీ కుర్రాళ్లని బెదిరిస్తూ.

చివర్లో మందులు పనిచెయ్యడం మానేశాయి. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే నిద్రపోయి ముందుకి ఒరిగేది. నిద్రపుచ్చే ఇంజెక్షన్ మాట ఎత్తగానే మా అత్తగారు "ప్రాణం పొయ్యలేనివాళ్లం, తియ్యడానికి మనమెవరం" అన్నారు. ఆవిడని తప్పు పట్టను, నా నోటి చివరా అదే మాట ఉంది. రెండు రాత్రులు ఆవిడే దాన్ని ఒళ్లో నిటారుగా పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు పొద్దున్న "ఆ డాక్టర్ని పిలవండిరా" అన్నదీ ఆవిడే.

ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా. ముందు మత్తు ఇచ్చారు. పూర్తిగా నిద్రలోకి జారాక రెండో మందు నరంలోకి ఎక్కించారు. నిమిషాల్లో అయిపోయింది. కళ్లు మూతపడవు, తెరుచుకునే ఉంటాయి. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు ఎగశ్వాస తీసినట్టు కావచ్చు, ఉచ్చ పోవచ్చు. అది బాధ కాదు, ముందే తెలిసుంటే హడలిపోరు. నాగోలు దగ్గర ఫతుల్లగూడలో పెంపుడు జంతువులకి దహనవాటిక ఉంది, అక్కడికి తీసుకెళ్లాం. ఊళ్లో పూడ్చేవాళ్లు గొయ్యి బాగా లోతుగా తవ్వించండి. ఈ ఇంజెక్షన్ మందు శరీరంలో ఉండిపోతుంది, తవ్వి తిన్న జంతువుల ప్రాణానికీ ప్రమాదమే.

మీ నాన్నగారిని మాట్లాడించాలని చూడకండి, పని చెప్పండి. కర్రి నీళ్లు కొలిచే పని ఆయనకే ఇవ్వండి. మా లిఫ్టులో పక్క ఫ్లాటావిడ "కుక్కే కదండీ" అంటే నవ్వి ఊరుకున్నా. ఏడుపు ఎప్పుడొచ్చిందంటే, వేసవి మొదట్లో ఏసీ సర్వీసు కుర్రాడు ఫిల్టరు తీసి దులిపితే తెల్లబొచ్చు ముద్దగా రాలింది. "కుక్కుందా మేడమ్" అన్నాడు. ఉందన్నాను.


ఎడిసన్_లో_తెలుగోడు:

నేనూ మీలాగే, కుక్క విశాఖలో అమ్మావాళ్ల దగ్గర, నేను న్యూజెర్సీలో. ఒక చిట్కా. ఏ తేడా కనిపించినా ఫోన్లో వీడియో తియ్యమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఆసుపత్రి వాకిలి దాటగానే ఈ కుక్కలు తోక ఊపుతూ షోకుగా నడుస్తాయి, డాక్టరుకి మన మాట తప్ప ఆధారం ఉండదు. మావాడు రాత్రిళ్లు తలుపు వెనక మూలలో ఇరుక్కుని గోడకేసి చూస్తూ నిలబడేవాడు. అమ్మ ఏదో గాలి సోకిందని తాయెత్తు కట్టింది. వీడియో చూసిన డాక్టరు కళ్లు, బీపీ, నొప్పి అన్నీ పరీక్షించి, అవేవీ కావని తేల్చుకున్నాక, మనుషుల మతిమరుపు జబ్బు లాంటిదే కుక్కలకీ వస్తుందని చెప్పారు. రాత్రి చిన్న లైటు ఉంచడం, సామాను చోటు మార్చకపోవడం, వేళకి తిండి, వీటితో బాగానే గడిచింది. తాయెత్తు కూడా తియ్యలేదు లెండి, అమ్మ ఊరుకోదు.


తణుకు_అమ్మాయి:

డాక్టరు గారూ, మీ పోస్టు చదివిన వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. కర్రికి ఆపరేషన్ చేయించలేదు. ఉగాదికి కాస్త ముందు ఎదకొచ్చిందని అమ్మకి గుర్తుంది. నాన్న తెల్లారకుండానే కారు మాట్లాడారు. మళ్లీ ఆ ఆసుపత్రి మెట్లెక్కడానికి కాళ్లు రాలేదట, అయినా వెళ్లారు.

మీరన్నదే, మూతి మూసుకున్న రకం. స్కాన్‌లో గర్భసంచి రెండు వైపులా ఉబ్బిపోయి ఉంది. తెల్లకణాలు బాగా ఎక్కువ, క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగింది. సెలైన్ ఎక్కించి సాయంత్రానికి ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. నేను రాత్రి బస్సుకి వచ్చేశాను. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, నన్ను చూసి తోక రెండుసార్లు కొట్టి మళ్లీ పడుకుంది.

సీజర్ గురించి మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. "ఆ నెలల లెక్క మళ్లీ చదువు" అన్నారు. చదివాను. "అంతేనా" అన్నారు. తర్వాత లేచి వెళ్లి, కుట్లు నాకకుండా కర్రి మెడకి తొడిగిన గరాటు లాంటి కాలర్ సరిచేశారు. ఒప్పుకున్నారో లేదో నాకు తెలియలేదు. నీళ్ల లెక్క మాత్రం ఆయనే పాత డైరీలో రాస్తున్నారు, టైముతో సహా.

కొన్ని అనుమానాలు. తిండి ఎలా పెట్టాలి? కాలర్ అడ్డం వచ్చి మూతి గిన్నెలో పట్టట్లేదు. కిడ్నీ రిపోర్టు ఇక అలాగే ఉండిపోతుందా?


గేదెల_డాక్టరు:

సంతోషం తల్లీ. ఈ జబ్బులో పెరిగిన క్రియాటినిన్ గర్భసంచి తీశాక చాలావాటిలో దిగుతుంది. రెండు వారాలకి రక్తం, మూత్రం మళ్లీ చూపించండి. అప్పటికీ దిగకపోతే కిడ్నీకి తగ్గ తిండి గురించి మీ డాక్టరు చెప్తారు.

ఒకేసారి పెట్టకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. మెత్తటి అన్నం, ఎముకల్లేని ఉడికించిన కోడిమాంసం, ఉప్పూ కారం వెయ్యకుండా. ఉల్లిపాయ అసలు తగలకూడదు. పెరుగన్నం అలవాటుంటే పెట్టొచ్చు. వెడల్పాటి పళ్లెంలో వేసి రెండిటుకల మీద ఎత్తుగా పెడితే కాలర్ అడ్డం రాదు. తింటుంటే పక్కన మనిషి ఉండి కాలర్ తీసినా పర్లేదు, మూతి తుడవగానే తొడిగెయ్యండి. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, గెంతడాలు, స్నానాలు వద్దు. వాంతులు మొదలైనా, కుట్ల దగ్గర చెమ్మ కనిపించినా, రోజంతా ఏమీ తినకపోయినా ఇక్కడ పోస్టు పెట్టి ఎదురుచూడకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చెయ్యండి. యాంటీబయాటిక్ కోర్సు, హుషారుగా ఉంది కదా అని మధ్యలో ఆపొద్దు.